ఐదూ పదికి వచ్చిన బట్టతల

ఆ బుధవారం మధ్యాహ్నంలోగా ఒక పెళ్లికొడుకు షేర్వానీకి గుడ్డ కత్తిరించేయాలని సిరాజుద్దీన్ దుకాణం తెరిచాడు. భద్రాచలం బజారులో ముప్పై ఏళ్లుగా దర్జీ. తీరా చూస్తే పెద్ద కత్తెర లేదు. వెతికి వెతికి, చివరికి కంప్యూటర్‌లో దుకాణం కెమెరా రికార్డు వెనక్కి తిప్పాడు.

సోమవారం, తెల్లవారుజామున ఐదూ పది. తెల్లచొక్కా మనిషి ఒకడు. పైనుంచి వీపే కనిపిస్తోంది, తల వెనక అరచేతి మేర బట్టతల. సొంత దుకాణంలా, కిటికీ లేని వెనక గదిలో లైటు వేసి, కత్తెరను కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

తాళం పగల్లేదు. రెండో తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే. దుకాణం ఓనరు, ఇరవై ఏళ్ల స్నేహితుడు బసవపున్నయ్య. ఆయనదీ బట్టతలే.

"అన్నా, జల్దీ రా. ఒకటి చూపియ్యాలె" అని ఫోన్ చేశాడు.

బసవపున్నయ్య వచ్చి, చూసి, తెల్లబోయాడు. "ఆ టైముకి నేను నిద్రలో ఉన్నానయ్యా."

"నేను గూడ. మరి గీయన ఎవరు?"

బసవపున్నయ్య మరో రెండుసార్లు చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "తల మాత్రం నాదిలాగే ఉంది సిరాజూ. నిద్రలో నడుస్తున్నానంటావా?"

"కత్తెర పట్టుకొనా?"

బసవపున్నయ్య అక్కడికక్కడే భార్యకు ఫోన్ చేశాడు. "సుశీలా, ఇవాళ్టి నుంచి నా గదికి బయట గొళ్లెం పెట్టు. కత్తిపీట దాచెయ్." అవతల సుశీలమ్మ ఏడుపు అందుకుంది.

అప్పుడే సిరాజుద్దీన్ భార్య జహీరా అన్నం డబ్బాతో, కూతురు సాదియాతో వచ్చింది. సంగతి విన్న సాదియా దొంగను చూడలేదు, తెర మూలనున్న గడియారం చూసింది.

"అబ్బూ, ఇప్పుడు టైమెంత?"

"పన్నెండున్నర."

"గీ కంప్యూటర్ల ఏడు గంటలుంది. ఆదివారం నా చదువు కోసం విండోస్ పక్కన లినక్స్ అనే ఇంకో సిస్టం ఎక్కించిన గద. రెండింటికి లోపలి గడియారం ఒక్కటే. లినక్స్ దాన్ని గ్రీనిచ్ టైముకు పెడతది, విండోస్ అదే మన టైమనుకుంటది. ఐదున్నర గంటలు ఎనక్కి పోయింది. లినక్స్‌ను మన టైము వాడమంటే సరైతది."

"అంటే?" అన్నాడు సిరాజుద్దీన్.

"అది ఐదూ పది కాదు, పదీ నలభై."

బసవపున్నయ్య గొళ్లెం వద్దని చెప్పడానికి ఫోన్ తీశాడు.

సోమవారం పదీ నలభైకి దుకాణంలో ఉన్నది సిరాజుద్దీన్ ఒక్కడే. వీధిలో సాన పట్టేవాడు కేకేస్తే, కత్తెర కాగితంలో చుట్టి ఇచ్చివచ్చింది, తిరిగి తెచ్చుకోవడం మరిచింది తనే. సిరాజుద్దీన్ చెయ్యి మెల్లగా తల వెనక్కి వెళ్లింది. అద్దంలో ఎప్పుడూ ఒత్తుగా కనిపించే జుట్టు, అక్కడ వేళ్లకు తగల్లేదు.

"గిది... ఎప్పటి సంది?"

జహీరా డబ్బా మూత తీసింది. "ఆరేండ్లాయె. నేనెన్నడన్న కంప్లైంట్ ఇచ్చిన్నా?"