ఉప్పుకోట గేటు ముందు మేము

ఆట పదికాలాలు బతకాలంటే దాన్ని ఆడకుండా ఉండటమే మార్గం! నవ్వకండి. మా బావమరిది రాసిన సోర్స్‌బుక్‌ను, అంటే ఆటలోని ఊరి వివరాల పుస్తకాన్ని, మూల్యాంకనం చేసే పని నా నెత్తిన పడింది కాబట్టి, బాధ్యత గల విమర్శకుడిగా చెబుతున్నాను.

తెలియనివారికి రెండు ముక్కలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు అందులో పాత్రలవుతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. మాకు కథ నడిపేది మా బావమరిది. వృత్తి ఎలక్ట్రీషియన్. మా ఆవిడ, అంటే వాడి అక్క, ఆటలో దొంగ. పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరు మంత్రగాడు. నేను కత్తివీరుణ్ణి. ఇంట్లో కూరగాయలు తరగడానికి కూడా నాకు కత్తి ఇవ్వరనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఆట తయారుచేసినవాళ్ళు తమ మ్యాపులో ఓ మూల 'ఉప్పుకోట' అని ఒక ఊరి పేరు రాసి ఊరుకున్నారు. ఊరుకోనిది మా వాడు! అభిమానం పొంగి ఆ ఊరి మీద ఇటుకంత పుస్తకం రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి, నా చేతిలో పెట్టాడు. "మొహమాటపడకుండా చెప్పు బావా, ఎలా ఉందో!" అన్నాడు. ఇలా అడిగినవాడికి నిజం చెప్పి బతికి బట్టకట్టినవాడు ఎవడైనా ఉన్నాడా?

ఏం పుస్తకమండీ! ఏ రకం వానకు ఏ చెప్పు జారుతుందో పట్టిక వేశాడు. రాజుగారి దగ్గు మీద ఓ అధ్యాయం. మేకల వంశవృక్షం! డ్రాగన్ సంగతేమిటంటారా? "రెండో సంపుటం చూడుడు" అని ఉంది. అంత ఆత్రమైతే ఎలా?

ఇక దీనివల్ల కలిగిన మేలు. పుస్తకం రాకముందు ఆదివారం సాయంత్రం బల్ల దగ్గర కూర్చుంటే చాలు, డాక్టరు మంత్రం వికటించి నా మీసాలు కాలిపోయేవి. ఇప్పుడో? స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో ఉప్పుకోట గేటు దగ్గరికి చేరాం, ఫ్యాన్లు వేసుకునే రోజులొచ్చినా అక్కడే ఉన్నాం. గేటు తెరవాలంటే కాపలావాడి షిఫ్టు చూడాలి. షిఫ్టు తెలియాలంటే ఆ రోజు ఏ రకం వానో తేలాలి. వాడు పేజీలు తిప్పుతుంటాడు, మేము వాడి నడినెత్తి చూస్తుంటాం. ప్రాణనష్టం అసలే లేదు. డాక్టరు హాయిగా ఓ కునుకు తీసి లేస్తున్నాడు కూడా.

"ఒరేయ్, నేను దొంగనురా! గోడ దూకేస్తా!" అంది ఓసారి మా ఆవిడ.

"ఉండక్కా, గోడల అధ్యాయం వెనకెక్కడో ఉంది," అన్నాడు వాడు తల ఎత్తకుండా.

మొన్న ఆదివారం ఆట మధ్యలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాం. పాచికలు కనిపిస్తున్నాయి కానీ, చీమ తలకాయంత అక్షరాలు కనిపించడం లేదు. మా వాడు ఇరుకున పడ్డాడు. కాసేపు నసిగాడు. చివరికి కాపలావాడి గొంతు పెట్టి, ముక్కుతో, "ఎవర్రా అది? సరిగ్గా నా భోజనం వేళకే తగలడతారా!" అన్నాడు.

వాడిలా గొంతు మార్చగా విని ఎన్నాళ్ళయింది! మా ఆవిడ కాపలావాడి తాళాలు కొట్టేసింది. డాక్టరు పొరపాటున గేటునే తగలబెట్టాడు. రెండో సంపుటం కోసం ఆగకుండా డ్రాగన్ వచ్చేసింది! మా వాడు కుర్చీ ఎక్కి, దుప్పటి కప్పుకుని రెక్కలాడించాడు. మేం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం.

అంతలో కరెంటు వచ్చింది. వాడు కుర్చీ దిగాడు, చెయ్యి పుస్తకం మీదకు పోయింది. మా ఆవిడ చప్పుడు చేయకుండా లేచి వరండాలోకి వెళ్ళింది. మెయిన్ స్విచ్ 'టక్' మంది. మళ్ళీ చీకటి.

ఎదురింట్లో లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. ఎలక్ట్రీషియన్‌కు ఆ 'టక్' ఏమిటో ఒకరు చెప్పాలా? వాడు కిటికీలోంచి అటు చూశాడు. వరండా వైపు చూశాడు. పుస్తకాన్ని మెల్లగా కుర్చీ కిందకు నెట్టాడు.

"ఇది చాలా పెద్ద రిపేరు బావా. ఇవాళ్టికి నా వల్ల కాదు," అన్నాడు దుప్పటి మళ్ళీ భుజాన వేసుకుంటూ.

కనుక నా మూల్యాంకనం ఇదిగో: పదికి పది మార్కులు. పుస్తకంలో లేనిదంటూ లేదు, ఒక్క మా బావమరిది తప్ప. వాడు కూడా కావాలనుకునేవారు దీన్ని చీకట్లో మాత్రమే తెరవాలి!