భరోసా కేంద్రానికి తొలి లబ్ధిదారు

పోయిన నెల మా కాలూరా పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, విద్యార్థి సంక్షేమ మంత్రి గౌరవనీయ ట్రెవర్ హాలొరన్ గారు ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ఈ ఊళ్లో ఇకమీదట ఏ విద్యార్థీ పని లేక, గూడు లేక బాధపడే ప్రసక్తి లేదు. మెయిన్ రోడ్డు మీదే విద్యార్థి భరోసా కేంద్రం పెడుతున్నాం."

జనం చప్పట్లు కొట్టారు. జనం అంటే నేను, మా ఆయన డెస్, పోస్టాఫీసు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్న ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క. కుక్క చప్పట్లు కొట్టలేదు గాని, మా అందరికంటే శ్రద్ధగా వింది.

మంత్రిగారు నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని, తలకి హెల్మెట్టు పెట్టుకుని వచ్చారు. ఆ చుట్టుపక్కల కట్టడం పనులేవీ జరగడం లేదు. అయినా ప్రజాసేవలో ఎప్పుడు ఏది నెత్తిన పడుతుందో తెలియదు కదా. దిగి వచ్చి అందరి చేతులూ పట్టుకుని ఊపారు. పేరు తెలియని వాళ్లని ఆయన 'మేట్' అంటారు, నేస్తమని. మా ఊళ్లో అందరూ ఆయనకి మేట్లే. పదేళ్లుగా ఆయన నన్ను గుర్తుపెట్టుకుని మేట్ అంటున్నారు.

కేంద్రానికి పెద్ద అద్దాలున్న భవనం కావాలన్నారు. అద్దాలుంటే పారదర్శకత ఉంటుందట. మెయిన్ రోడ్డు మీద అంత అద్దాలున్నది నోరీన్ బేకరీ ఒక్కటే. భవనం యజమాని పెర్త్‌లో ఉంటాడు. ప్రభుత్వం అద్దెకి అడిగిందనగానే ఆయనకి దేశభక్తి పొంగింది. ముప్పై ఏళ్లుగా అక్కడ వనిల్లా స్లైసులనే క్రీము మిఠాయిలు చేస్తున్న నోరీన్‌ని ఖాళీ చెయ్యమన్నాడు.

ఆ బేకరీ కౌంటర్లో పనిచేసే పిల్ల టెగన్. మా నర్సింగు కాలేజీలో చివరి సంవత్సరం. బేకరీ పైనున్న చిన్న గదిలోనే ఉంటుంది. కింద పని, పైన పడక. అమ్మానాన్నల పాడి పొలం నాలుగు గంటల దూరంలో ఉంది. ఇప్పుడు ఆస్పత్రిలో శిక్షణకి వెళ్లాలి. దానికి జీతం ఉండదు గాని, వెళ్లకపోతే ఏడాది పోతుంది. ఊళ్లో ఉండడానికి చోటు దొరక్కపోతే మూటాముల్లే సర్దుకుని ఆవుల దగ్గరికి పోవడమే.

అంటే, ఇంకా తలుపులు కూడా తెరవకుండానే భరోసా కేంద్రం తన మొదటి లబ్ధిదారుని తనే తయారుచేసుకుంది. ఏ ప్రభుత్వమూ ఇంత వేగంగా పనిచెయ్యడం నేను చూడలేదు.

మంత్రిగారి సలహాదారు ఫెలిసిటీ మా ఊరి మోటెల్లో టిఫిన్లు పెట్టే గదిలో తాత్కాలికంగా ఆఫీసు తెరిచింది. టెగన్‌ని నేనే తీసుకెళ్లాను.

"పని పోయిందా?" అని అడిగింది ఫెలిసిటీ.

"పోయింది."

"ఇల్లు?"

"ఆదివారానికి ఖాళీ చెయ్యాలి."

"మరి చదువు?"

"అదీ పోయేలా ఉంది."

ఫెలిసిటీ పెన్ను కింద పెట్టేసింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "మూడూ ఒకే మనిషిలోనా? మెల్‌బోర్న్ అంతా గాలించినా మాకు రెండుకి మించి దొరకలేదు. ఇంతకీ ఎలా పోయాయమ్మా?"

"మీరు మా బేకరీ అద్దెకి తీసుకున్నారు."

"చూశారా," అంది ఫెలిసిటీ నా వైపు తిరిగి, "ఈ ఊరికి కేంద్రం ఎంత అవసరమో."

"మరి కేంద్రం ఎప్పుడు తెరుస్తారు?" అన్నాను.

"ఈ శనివారం కాదు, పై శనివారం. మంత్రిగారే స్వయంగా వస్తారు. టెగన్ వేదిక మీద ఉండాలి."

"మధ్యలో నేనెక్కడ ఉండాలి?" అంది టెగన్.

"కష్టాల్లో ఉండండి," అంది ఫెలిసిటీ ఆప్యాయంగా. "కొద్ది రోజులే కదా. ఈలోగా ఎవరైనా ఇల్లు ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోకండి. మీలాంటి వాళ్లు మళ్లీ దొరకరు."

బయటికొచ్చాక టెగన్ చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి, "ఆవులకి నేనంటే ఇష్టమే లెండి రేలీన్," అంది నాతో. ఆ మాట నాకు నచ్చలేదు.

మా షెడ్డు పక్కన ఒక కారవాన్ ఉంది. ఒకప్పుడు సెలవులకి కారు వెనక తగిలించుకుని సముద్రానికి తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు అందులో డెస్ గాలాలు కాపురం ఉంటున్నాయి.

"గాలాలు బయటికి తీసెయ్," అన్నాను ఆయనతో.

"ఎక్కడ పెట్టను?"

"నీ పక్కలో పెట్టుకో."

డెస్ మంచివాడు. సాయంత్రానికల్లా కారవాన్ కడిగి, కరెంటు తీగ లాగి, మా వైపు ఆగస్టులో పడే చలికి సరిపోయే హీటరు కూడా పెట్టాడు. చేపల వాసన మాత్రం ఆయన వల్ల కాలేదు. "నర్సు అవుతానంటోందిగా. ఇంతకంటే ఘోరమైన వాసనలు చూస్తుంది," అన్నాడు.

ప్రతి మంగళవారం ఊరి హాల్లో మా ఆడవాళ్ల టీ ఉంటుంది. ఒక్కొక్కరం ఒక్కో ప్లేటు ఏదో ఒకటి చేసుకుని వెళ్తాం. ఆ రోజు నోరీన్ కూడా వచ్చింది, మొహం వేలాడేసుకుని. ఫుట్‌బాల్ క్లబ్బు వంటగది వారంలో ఐదు రోజులు తాళం వేసే ఉంటుందని ఎవరో అన్నారు. తాళం చెవి తన బ్యాగులోనే ఉందని ఇంకెవరో అన్నారు. రెండో కప్పు టీ అయ్యేసరికి నోరీన్ బేకరీ క్లబ్బుకి మారిపోయింది. మూడో కప్పుకి టెగన్‌కి అక్కడ తెల్లవారుజామున పని ఖాయమైంది. తీర్మానం ఏదీ చెయ్యలేదు. కేకు అయిపోయింది, లేచి ఇళ్లకి వచ్చేశాం.

మర్నాడే ఫెలిసిటీ మా వంటింట్లో ప్రత్యక్షమైంది. మనిషి కంగారుగా ఉంది.

"టెగన్ పరిస్థితి మెరుగుపడిందని వింటున్నాం," అంది.

"పడిందమ్మా."

"ఎంతవరకు?"

"ఉండడానికి కారవాన్, చెయ్యడానికి పని. ఆస్పత్రికి కూడా వెళ్తోంది."

ఫెలిసిటీ కుర్చీలో కూలబడింది. "మాకు ఒక్క మాటైనా చెప్పకుండా? మంత్రిగారి ప్రసంగం అచ్చుకి కూడా వెళ్లింది. శనివారం పొద్దున్నయినా ఆవిడ నిరాశ్రయురాలిగా ఉండగలదా? ఒక్క రెండు గంటలు."

డెస్ పేపరు మడిచాడు. "పొద్దున లేచి బయటికి వస్తుందిగా. అప్పుడు ఇంట్లో ఉండదు మరి."

"అది చట్టప్రకారం సరిపోతుంది," అంది ఫెలిసిటీ. అప్పుడు గాని టీ తాగలేదు.

శనివారం ఎండ బాగా కాసింది. బేకరీ అద్దాల మీద మంత్రిగారి నిలువెత్తు బొమ్మ అంటించారు. దాంతో లోపల ఏముందో కనిపించకుండా పోయింది. మా ఊళ్లో ఏ మంచి పని జరిగినా సాసేజీలు కాల్చాలి. ఆ పని మా ఆడవాళ్లది. నేను ఉల్లిపాయలు వేయిస్తూ అంతా దగ్గర్నుంచి చూశాను.

మంత్రిగారు కారు దిగగానే ఆగిపోయారు. కేంద్రం పక్క మేడలో ఒక చిన్న వాటా ఖాళీ అయింది. అద్దెకి కావలసినవాళ్లకి శనివారం పొద్దున్న పావుగంట సేపు తలుపు తెరిచి చూపిస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ల వరస మా పొయ్యి దాటి, మందుల షాపు దాటి, మలుపు తిరిగింది. మంత్రిగారు మాత్రం మలుపుదాకా చూసి హెల్మెట్టు తీసి గుండెకి ఆనించుకున్నారు.

"ఫెలిసిటీ, ఇంతమందా?"

ఫెలిసిటీకి ఉద్యోగం మీద ప్రేమ ఉంది. అవునని తలూపింది.

మంత్రిగారు వరస చివరికంటా వెళ్లి, ఒక్కొక్కరి చెయ్యీ ఊపుతూ ముందుకి వచ్చారు. "ఎప్పటినుంచి నిలబడ్డావు మేట్?"

"ఏడింటినుంచి," అంది చంకలో పసిపిల్లాడున్న ఒకావిడ.

"విన్నావా ఫెలిసిటీ, ఏడింటినుంచి. రండమ్మా, సాసేజీ తినండి."

"వద్దు. కదిలితే నా చోటు పోతుంది."

"ఏం క్రమశిక్షణ," అన్నారు మంత్రిగారు గద్గదంగా. అలా చేతులు ఊపుకుంటూ వరస మొదటికి, మేడ తలుపు దాకా వచ్చేశారు.

"ఏయ్ మేట్, వెనక్కి పో," అని ఒకతను అరిచాడు. "హెల్మెట్టు ఉంటే ముందు దూరిపోవచ్చనుకున్నావా?"

"నన్ను దగ్గర్నుంచి చూడాలని తోసుకుంటున్నారు," అన్నారు మంత్రిగారు మాతో.

వరస ఎలాగూ వేదిక దగ్గరికి రాదని, వేదికనే వరస వైపు తిప్పారు. టెగన్ ఆస్పత్రి నుంచి నీలం యూనిఫారంలోనే వచ్చింది. మంత్రిగారు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశారు.

"చెప్పు మేట్. ఈ భవనంతో నీ అనుబంధం?"

"ఇక్కడ నాకు పని ఉండేది. పైన గది ఉండేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కారవాన్‌లో ఉంటున్నా."

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "విన్నారుగా. ఒకప్పుడు కదలని గది, ఇవాళ చక్రాలున్న ఇల్లు. ముందుకు సాగడమంటే ఇదే."

సరిగ్గా అప్పుడే మేడ తలుపు తెరిచారు. వరస ఒక్కసారి ముందుకి ఉరికింది. మర్నాడు పత్రికల్లో ఆ ఫోటోయే వేశారు. మంత్రిగారి మాట విని ఉప్పొంగిన జనం అని కింద రాశారు.

సోమవారం సాయంత్రం టెగన్, నేను పెరట్లో బట్టలు తీస్తుంటే ఒకావిడ గేటు దగ్గర నిలబడింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో పెట్టె. పేరు మార్గో అంది. భరోసా కేంద్రానికి కొత్తగా వేసిన అధికారి తనే, విద్యార్థులకి ఇళ్లు వెతికిపెట్టడం తన విధి అంది.

"శనివారం సభలో కనిపించలేదే?" అన్నాను.

"అక్కడే ఉన్నానండి. వరసలో. మంత్రిగారు నా చెయ్యి కూడా ఊపారు." పెట్టె కింద పెట్టింది. "ఆ వాటా వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఇప్పటికి నాలుగు చోట్ల చూశాను. మోటెల్లో ఎల్లుండి దాకానే ఉండనిస్తారట. మా మొదటి లబ్ధిదారు మీరే కదా, ఒకసారి కలుద్దామని," అంది టెగన్‌తో.

"కలిసి?" అంది టెగన్.

"మీకు ఎలా దొరికిందో కాస్త చెప్తారా?"

టెగన్ చేతిలోని దుప్పటి మడత పెట్టింది. "రేపు మంగళవారం. హాల్లో పదింటికి టీ ఉంటుంది. ఏదైనా ఒక ప్లేటు మీ చేత్తో చేసుకుని రండి, కొన్నది వద్దు. మీ ఇబ్బంది మొదటి కప్పులోనే చెప్పకండి. రెండో కప్పులో చెప్పండి."

మార్గో బ్యాగులోంచి కలం తీసి జాగ్రత్తగా రాసుకుంది. రాసుకుని, కాస్త మొహమాటపడింది.

"ఈ సలహా మా కేంద్రం మీకు ఇచ్చినట్టు చూపించుకోవచ్చా? మొదటి వారం కదా, ఒక్కటైనా ఉండాలంటున్నారు."

"చూపించుకోండి," అంది టెగన్. "పెట్టె ఇలా ఇవ్వండి, తడిగడ్డి మీద పెట్టారు."