దొరకని వీలునామా చల్లగా ఉండాలి!

వీలునామా దొరికిన కుటుంబాలను చూస్తే నాకు జాలేస్తుంది!

పాపం, ఏం మిగిలింది వాళ్లకి? చదివేశారు, పంచేసుకున్నారు, మొహాలు తిప్పేసుకున్నారు. మాది అలాంటి కుటుంబం కాదు. మా పెద్దనాన్న పోయిన నాటి నుంచీ ఆయన వీలునామా కనబడలేదు. అందుకే మేమంతా ఇంకా కలిసిమెలిసి ఉన్నాం.

నమ్మరా? ఒకప్పుడు నేను జ్వరంతో పడి ఉంటే పలకరించిన దిక్కు లేదు. ఇప్పుడు తుమ్మితే చాలు, బాబాయి ఫోన్ చేస్తాడు. "ఎలా ఉందిరా ఒంట్లో? ఆ కాగితం ఊసేమైనా తెలిసిందా?" అంటాడు. రెండు ప్రశ్నల మధ్య ఊపిరి కూడా తీసుకోడు. ఆప్యాయత అంటే అదండీ!

ఇల్లు ఎంత శుభ్రపడిందో చెప్పలేను. పరుపులు విప్పి మళ్లీ కుట్టించాం. ఫొటోల వెనక అట్టలు ఊడదీశాం. వదినకి ఎప్పుడో పోయిన చెవిదిద్దు దొరికింది. బాబాయికి తన చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డు దొరికింది. దాన్ని ఆయన వెంటనే మళ్లీ పోగొట్టుకున్నాడు.

వెతకడానికైనా ఓ పద్ధతి ఉండాలి కదా! అందుకే ఓ కమిటీ వేసుకున్నాం. దానికి చైర్మన్ పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య. "మనలో మనకి అనుమానాలేమిట్రా? ఎవరి గది వాళ్లే వెతుక్కుందాం" అన్నాడు. ఎంత పెద్ద మనసు! ఎవరి బీరువా వాళ్లం తెరిచి, చూసి, లేదని చెప్పేశాం. తన గదిలో ఉన్న పెద్దనాన్న బీరువా కూడా అన్నయ్యే చూసి, లేదన్నాడు.

ఒక్క మేనత్త దగ్గరే చిక్కొచ్చింది. ఆవిడకి గది లేదు.

పెద్దనాన్న మంచాన పడ్డాక లేవదీసి, ముద్ద కలిపి పెట్టి చూసుకున్నది ఈ చెల్లెలే. "వెనక వాటా దానిదే, రాసిపెట్టాను" అని ఆయన మా అందరి ముందూ అన్నాడు. నోటిమాట చెల్లదని ప్లీడరు తేల్చేశాడు. కాబట్టి కాగితం దొరికేదాకా ఆ వాటాని అన్నయ్య అద్దెకిచ్చాడు. అద్దె అన్నయ్య దగ్గరే భద్రంగా ఉంది. ఎంత భద్రంగా అంటే, ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. అత్త హాల్లో ఓ మూల పడుకుంటోంది. గది లేని మనిషి సామాను ఎవరైనా వెతకొచ్చు కనుక, ఆవిడ ట్రంకుపెట్టెని అందరం తలా ఓసారి వెతికాం.

మొన్న మీటింగులో అత్త నోరు విప్పింది. "నా పెట్టె ఇంతమంది చూశారు కదరా. పోయిన మా అన్నయ్య బీరువా ఒక్కసారి నా ఎదురుగా తెరవండి. కళ్లు మూసేలోగా నా గుమ్మంలో నేను కూర్చోవాలని ఉంది" అంది.

"తెరిచేవాణ్ణే అత్తా. నాన్న పోయినప్పటి నుంచీ దాని తాళంచెవి కనబడటం లేదు" అన్నాడు అన్నయ్య. అందరం అయ్యో పాపం అన్నాం.

"మరి లోపల లేదని ఎలా చూశావురా?" అంది అత్త.

బాబాయి టీ చల్లారిపోతోందన్నాడు. నాకు సిగ్గేసింది. తలెత్తి అత్త మొహం చూడలేకపోయాను.

అయితే మా కమిటీ దేనికీ తొణకదు! ముందు తాళంచెవి సంగతి తేల్చాలనీ, ఎవరి జేబు వాళ్లే వెతుక్కోవాలనీ అక్కడికక్కడే తీర్మానించాం. అన్నయ్య తన జేబు తడుముకుని, లేదన్నాడు.

అత్తకి జేబు లేదు. అందుకని ఆవిడ ట్రంకుపెట్టె మళ్లీ తెరిచాం.