పొట్ట పటం ప్రకారం పంపిణీ

ఒక పెద్ద అడవిలో కరువొచ్చింది. చిన్న అడవుల్లోకీ వచ్చింది కానీ, అక్కడివాళ్ళు ఉన్నదేదో పంచుకు తినేశారు. ఇది పెద్ద అడవి కాబట్టి సభ పెట్టారు.

పక్క అడవి జాలిపడి ఇప్పపూలు, వెలగపళ్ళు, దుంపలు గుట్టగా పంపింది. మృగరాజు సింహం జూలు విదిల్చి, "కరువు తీరేదాకా నేను వేటాడను. ప్రజల తిండే నేనూ తింటాను" అని ప్రకటించాడు. అందరూ జేజేలు కొట్టారు. మచ్చమ్మ అనే జింక మాత్రం ఆ గుట్టకేసే చూస్తోంది. ఆమె పాలు ఎండిపోయాయి, పొదలో పడుకోబెట్టిన పసికూన తల ఎత్తడం లేదు.

"మరి పంచండి," అంది మచ్చమ్మ.

"పంచడమంటే మాటలా? ఒక పద్ధతుండాలి," అంటూ లేచాడు చపలయ్య. మనుషుల బడి కప్పు మీద కొన్నాళ్ళు ఉండొచ్చిన కోతి అతడు. అక్కడి గోడకున్న పటం ఒకటి లాక్కొచ్చాడు. అందుకే అతణ్ణి అందరూ నిపుణుడనేవారు.

"మనిషి ఒంట్లో తిండి ఎలా ప్రయాణం చేస్తుందో చూడండి. నోరు ఉమ్మితో తడిపి నములుతుంది. గొంతు కిందికి తోస్తుంది. పొట్ట పులుపు కలిపి చిలుకుతుంది. చిన్నపేగు సారం పీలుస్తుంది. పెద్దపేగు మిగిలిన నీళ్ళు లాగుతుంది. ఇన్ని శాఖలుండబట్టే మనిషి మనిషయ్యాడు."

శాఖలు అక్కడికక్కడే పంచేశారు. బుగ్గల్లో సంచులున్నాయి కనక నోటి శాఖ చపలయ్యదే. గొంతు దారి కాంట్రాక్టు అతని బావమరిదికి దక్కింది. పొట్ట ఎలుగుబంటికి, పెద్దపేగు అడవిపందికి ఇచ్చారు. చుట్ట చుట్టుకుని పడుకోవడం వచ్చు కాబట్టి చిన్నపేగు కొండచిలువకి వెళ్ళింది.

"పీల్చిన సారాన్ని మాకెవరు తెచ్చిస్తారు?" అనడిగింది మచ్చమ్మ.

చపలయ్య పటం చూశాడు. "అది రక్తం పని. మోయాలి, తినకూడదు. ఎవరైనా వస్తారా?"

అందరూ ఆకాశంకేసి చూశారు.

"నేను మోస్తాను," అంది మచ్చమ్మ.

"నీకు ఆకలిగా ఉందా?"

"ప్రాణం పోయేంత."

"విన్నారా! ఆకలిగొన్నవాళ్ళ చేతికి తిండి ఎలా అప్పగిస్తాం? ఆ పోస్టు ఖాళీగా ఉంచుదాం."

ఈలోగా మృగరాజు పటం చివర ఒక బాణం గుర్తు చూశాడు. "ఇది ఎక్కడికయ్యా?"

చపలయ్యకి తెలియదు. పాఠం అక్కడికి రాగానే పిల్లలు కిసుక్కుమనేవారు, మాస్టారు పటం చుట్టేసేవారు. అయినా నిపుణుడు తెలియదంటాడా? "ఇన్ని శాఖలు దాటి వచ్చేది, ప్రభూ, అన్నిటికన్నా శుద్ధమైన సరుకు!"

"అయితే నా సింహాసనం అక్కడే వెయ్యండి," అన్నాడు మృగరాజు.

పని మొదలైంది. చపలయ్య బుగ్గలు ఉబ్బాయి. తోయడానికి బలం కావద్దా అని బావమరిది మేశాడు. పులిసిందో లేదో చూడాలంటూ ఎలుగుబంటి రుచి చూస్తూనే ఉంది. కొండచిలువ కళ్ళు మూసుకుని సారమంతా పీల్చుకుంది. ఆ సారాన్ని దాని ఒంట్లోంచి బయటికి మోసే నాథుడు లేడు. మిగిలిన పిప్పిని అడవిపంది మింగింది.

మచ్చమ్మ ప్రతి శాఖ దగ్గరా నిలబడింది. "మా దగ్గర పనైపోయింది, ముందుకెళ్ళమ్మా" అన్నారు అందరూ. అలా వెళ్ళి వెళ్ళి పాపం సింహాసనం దగ్గర తేలింది. అక్కడ మృగరాజు ఆకలితో నకనకలాడుతున్నాడు.

అప్పుడే అడవిపంది మోదుగాకు విస్తరి తెచ్చి భక్తిగా ముందు పెట్టింది. మృగరాజు వంగి వాసన చూశాడు. నమ్మలేక మళ్ళీ చూశాడు.

"ఏమిటిది?"

"పటంలో బాణం చూపించినది ఇదే ప్రభూ."

"మొదట్లో అలాగే ఉంటుంది," అన్నాడు చపలయ్య. "అలవాటు పడితే..."

మృగరాజు గర్జించాడు. బక్కచిక్కిన మచ్చమ్మ ఒక్క గెంతులో పొదలు దాటింది. శాఖాధిపతులు మాత్రం లేవలేక దొర్లారు. చపలయ్య కొమ్మ పట్టుకుంటే అది ఫెళ్ళున విరిగింది.

"ప్రభూ, వేటాడనని మాటిచ్చారు!"

"వేటెక్కడిది? నువ్వు కాళ్ళ దగ్గరే పడ్డావు. ప్రజల తిండే తింటానన్నాను, అదంతా నీలోనే ఉంది కదా!" అంటూ మృగరాజు మాట నిలబెట్టుకున్నాడు.

నోటి శాఖ దగ్గర కాపలా లేకపోవడంతో మచ్చమ్మ గుట్టలో మిగిలిన ఇప్పపూలు కడుపునిండా తిన్నది. సాయంత్రానికి పాలు పడ్డాయి. పసికూన తల ఎత్తింది. ఆ తల్లి సంతోషానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేకపోయింది.

మిగతా శాఖాధిపతులు మర్నాటి నుంచి తెల్లారకుండానే లేచి పరుగు సాధన మొదలుపెట్టారు. శాఖలు మాత్రం వదల్లేదు.

నీతి: ప్రజల తిండి తినదలచినవారు, పరుగెత్తడానికి వీలున్నంత వరకే తినవలెను.