అదనపు శిశువు

ప్రభుత్వం దృష్టిలో పిల్లలందరూ సమానమే. ఇద్దరు పిల్లలు మరీ సమానంగా ఉంటే మాత్రం దానికి వేరే శాఖ ఉంది.

ఆ శాఖతో పని పడుతుందని, కాలిపట్టీ పోయిన రోజున దర్జీ కలలో కూడా అనుకోలేదు. ఆసుపత్రివాళ్లు కవలల కాళ్లకు చెరొక ప్లాస్టిక్ పట్టీ వేసి పంపారు. ముందు పుట్టినదానికి ఒకటో నంబరు, తర్వాత పుట్టినదానికి రెండో నంబరు. ఇంటికి వచ్చిన కొత్తలోనే, స్నానం చేయిస్తుండగా ఒక పట్టీ జారి సబ్బు నురగతో పాటు తూములోకి పోయింది. దర్జీ తల్లి న్యాయం తప్పని మనిషి. ఒక మనవరాలికి ఉండి ఇంకో మనవరాలికి లేకపోతే ఏం బాగుంటుందని, మిగిలిన పట్టీని కూడా కత్తిరించి చెత్తబుట్టలో పడేసింది. చెత్తబండి వీధి మలుపు తిరిగాక కోడలు వచ్చి అడిగింది.

"అత్తయ్యా, వీళ్లలో ఒకటో నంబరు ఎవరు?"

"ఇద్దరూ బంగారుతల్లులే," అంది అత్తగారు.

దర్జీ ఒక పిల్ల గౌన్లన్నిటి అంచుకూ ఎర్రదారంతో, ఇంకో పిల్ల గౌన్లకు నీలిదారంతో చిన్న ముడి కుట్టాడు. అప్పటినుంచి ఒకతె ఎర్రదారం, ఒకతె నీలిదారం. ఎర్రదారం ఆకలేస్తే ఏడుస్తుంది. నీలిదారం, ఎర్రదారం ఏడిస్తే ఏడుస్తుంది. ఎవరు ముందో ఎవరు వెనకో ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

అవసరం ప్రభుత్వానికి పడింది.

దర్జీ భార్య సిటీ బస్సులో కండక్టరు. ప్రసూతి సెలవు నెలాఖరుకు అయిపోతుంది. ఆలోగా డ్యూటీ ఎక్కకపోతే ఉద్యోగం పోతుంది. దర్జీ తల్లి మోకాళ్లు ఒక పిల్లను మోయడానికి ఒప్పుకున్నాయి గానీ, రెండో పిల్ల మాటెత్తేసరికి చేతులెత్తేశాయి. కవలలున్న ఇళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం వస్తే ఒక ఆయాను పెట్టుకోవచ్చు. వస్తుందన్న నమ్మకంతో దర్జీ తన భార్య యూనిఫాంకు నడుము దగ్గర కుట్లు విప్పి, వదులు చేసి, ఇస్త్రీ కూడా చేసి తలుపు వెనక తగిలించాడు.

జంటశిశు ఆదరణ విభాగం మేడమీద, పాత సామాను గదికీ వీధికుక్కల నియంత్రణ విభాగానికీ మధ్యన ఉంటుంది. (కుక్కల విభాగంలో కుర్చీలు బాగుంటాయి.) శిశువులను స్వయంగా హాజరుపరచాలన్నారు కాబట్టి దర్జీ ఎర్రదారాన్ని, అతని తల్లి నీలిదారాన్ని ఎత్తుకుని వెళ్లారు. భార్య డిపోలో సెలవు సంగతి మాట్లాడడానికి వెళ్లింది.

గుమాస్తా ఇద్దరు పిల్లలనూ చూసి, దరఖాస్తు చూసి, మళ్లీ పిల్లలను చూశాడు.

"వీళ్లలో అదనపు శిశువు ఎవరు?"

"అదనపు అంటే?"

"సాయం ఇద్దరికీ రాదయ్యా. ఒక బిడ్డ కావాలని మీరే అనుకున్నారు. అది సహజ శిశువు. దాని ఖర్చు మీది. రెండోది అనుకోకుండా వచ్చింది. అనుకోకుండా వచ్చేవాటికే ప్రభుత్వ సాయం. వరద, తుపాను, రెండో శిశువు."

"ఎవరైతే ఏముంది సార్, పాలు ఇద్దరూ తాగుతారుగా?"

"అదనపు పాలు అదనపు శిశువే తాగాలి. మధ్యలో సహజ శిశువు తాగేసిందనుకో, ఆడిట్‌వాళ్లు మా రక్తం తాగుతారు."

"ఒకే కొలతకి రెండు చొక్కాలు కుడతాను సార్. రెండోది అదనపు చొక్కా అని దానికి బొత్తాలు మానేస్తానా?"

"చొక్కాల శాఖ వేరే," అన్నాడు గుమాస్తా, కోపం లేకుండా.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: ఈ శిశువు ఎదుటి శిశువుకు ఏమవుతుంది? పక్కన రెండే గడులు. అక్క. చెల్లి.

"తోబుట్టువు అని రాయొచ్చా సార్?"

"మీ ఇంట్లో అలాగే పిలుచుకుంటారా? 'ఏమే తోబుట్టువూ, ఇలా రావే' అని?"

దర్జీకి ఒప్పుకోక తప్పలేదు. జీవితంలో కొలత తప్పు చెప్పి ఎరగని మనిషి, ఆ రోజు కళ్లు మూసుకుని ఎర్రదారానికి అక్క గడిలో టిక్కు పెట్టాడు. అంతటితో అంతా సవ్యంగా జరిగిపోయేదే.

"ఒరేయ్, పట్టీలు పోయాయి కదరా, ఎవరు అక్కో నీకెలా తెలిసింది?" అంది అతని తల్లి వెనకనుంచి. "నాకు చెప్పనేలేదే!"

దర్జీ మెల్లిగా ఆమె కాలు తొక్కాడు.

"కాలెందుకు తొక్కుతావురా? అయినా ముందు పుట్టింది చెల్లి అవుతుంది బాబూ," అని ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "సంచిలో ముందు వేసిన కూరగాయ అడుగున పడుతుంది. తీసేటప్పుడు ఆఖరున వస్తుంది. వెనకాల వచ్చిందే అక్క."

గుమాస్తా కలం కింద పెట్టాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయనకు ఈ సంగతి తట్టలేదు. ఇంతకాలం సాయం అందుకున్నవాళ్లంతా సహజ శిశువులేమో, అసలైన అదనపు శిశువులు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్నారేమో అన్న ఆలోచనకు ఆయన ముఖం పాలిపోయింది. ఫైలు మీద "జ్యేష్ఠత్వ నిర్ణయ సంఘానికి" అని రాసి, లేచి నిలబడి మరీ దర్జీ తల్లికి నమస్కారం పెట్టాడు.

సంఘం ఇంటికే వచ్చింది. ఒక అధ్యక్షుడు, ఆయనతో విభేదించే సభ్యుడు, ఇద్దరితోనూ ఏకీభవించే సభ్యుడు. కుట్టుమిషనుకూ ఉయ్యాలకూ మధ్య ఉన్న చాప మీద సర్దుకుని కూర్చున్నారు.

"పుట్టుక క్రమం తేలనప్పుడు స్వభావం చూడాలని నియమం," అన్నాడు అధ్యక్షుడు. "అక్క అన్నాక సర్దుకుపోతుంది. చెల్లి అన్నాక లాక్కుంటుంది. మా అక్కే ఉంది, నా కోసం చదువు మానేసింది."

"మానేయడం ఇష్టమేనా అని ఆవిడ్ని ఎవరైనా అడిగారా సార్?" అంది దర్జీ భార్య.

"అక్కని అడగడమేంటమ్మా?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

పిల్లలిద్దరి మధ్యా ఒకే ఒక గిలక్కాయ పెట్టారు. ఎవరు వదిలేస్తే ఆమె అక్క. ఎర్రదారం గిలక్కాయ పట్టుకుంది. నీలిదారం ఎర్రదారం చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు గానీ, ఎవరూ వదల్లేదు. విభేదించే సభ్యుడు పరీక్ష మళ్లీ జరగాలన్నాడు. ఈసారి ఎర్రదారం అధ్యక్షుడి కళ్లజోడు లాక్కుంది. నీలిదారం ఆయన కలం మూత నోట్లో పెట్టుకుంది. మూత బయటికి తీయడానికి సంఘం మొత్తం శ్రమించవలసి వచ్చింది.

"సర్దుకుపోయే లక్షణం ఇద్దరిలోనూ లేదు," అని అధ్యక్షుడు వేరే కలంతో రాసుకున్నాడు.

"మా వంశంలోనే లేదు," అంది దర్జీ తల్లి గర్వంగా.

నెలాఖరు దగ్గర పడ్డాక ఉత్తర్వు వచ్చింది. దర్జీ మిషను ఆపి పైకి చదివాడు. "సదరు శిశువులిద్దరూ చెల్లెళ్లేనని సంఘం ఏకగ్రీవముగా నిర్ణయించినది. కావున ఇద్దరూ అదనపు శిశువులుగా సాయమునకు అర్హులు."

"ఇద్దరికీనా!" అని దర్జీ తల్లి మోకాళ్ల సంగతి మరిచి లేచి నిలబడింది. దర్జీ అప్పుడే ఆయాకు కబురు పంపడానికి చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఆగండి," అంది భార్య. టికెట్ల మీద చిన్న అక్షరాలు చదివిన కళ్లు ఆమెవి. "కింద ఇంకో వాక్యం ఉంది. 'చెల్లెలు ఉన్నచో అక్క ఉండుట తప్పనిసరి. సదరు అక్క జనన ధ్రువపత్రము అందిన వెంటనే సాయము విడుదల చేయబడును.'"

దర్జీ ఆ చెప్పులతోనే ఆఫీసుకు వెళ్లాడు.

"అక్క లేదు సార్."

"చెల్లెళ్లున్నారు కదా?" అన్నాడు గుమాస్తా.

"ఉన్నారు."

"అక్క లేకుండా చెల్లెళ్లెలా అయ్యారు?"

తప్పు తన వైపే ఉందేమోనని దర్జీకి ఒక క్షణం అనిపించింది.

"తొందరేం లేదులే," అన్నాడు గుమాస్తా, మనిషి మంచివాడు కాబట్టి. "అక్క ఎప్పుడు పుడితే అప్పుడే తీసుకురా. ఫైలు మూయకుండా నేను చూసుకుంటాను."

సెలవు అయిపోయిన రోజున దర్జీ భార్య డిపోకు వెళ్లి టికెట్ల మిషనూ, వదులు చేసిన యూనిఫామూ అప్పగించి వచ్చింది. "ఏం చేస్తాంలే అమ్మా, ఇంట్లో ఎవరో ఒకరు సర్దుకుపోవాలి కదా," అని అక్కడి అధికారి ఓదార్చాడు.

సాయం మంజూరై ఉంది. అక్క ఇంకా పుట్టవలసి ఉంది.