బ్యాండు మాస్టారి మౌనం

చచ్చిపోయింది కరుణమ్మ. సంతాపసభ జరిగింది ఆమె మొగుడికి. ఇందులో వివాదమేమీ లేదు. పలాసలో కరపత్రాలు కూడా పంచారు.

2003 వేసవిలో బ్యాండు మాస్టరు అంద్రెయ, కిడ్నీలు చెడిన పెళ్లాన్ని విశాఖపట్నం తీసుకుపోయాడు. ఉద్దానంలో ఆ జబ్బుతో విశాఖ బస్సెక్కినవాళ్లు మూడు నెలలు కనబడకపోతే బతికున్నవాళ్ల లెక్కలోంచి తీసేయడం ఆనవాయితీ. ఇద్దరిలో ఒకరు పోయారన్న కబురు ఊరు చేరింది. ఎవరని అడగడానికి ఎవరికీ తీరిక లేదు. కళాపోషక సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇద్దరిలో పేరున్నవాడు అంద్రెయ గనుక పోయినవాడూ అతనేనని ఏకగ్రీవంగా నిర్ణయించింది. ముప్పై ఏళ్లు క్లారినెట్‌తో ఈ ప్రాంతాన్ని ఓలలాడించిన ఆ మహనీయుడికి కూడలిలో విగ్రహం పెట్టాలని తీర్మానించింది.

భార్యను అక్కడే సమాధి చేసి అంద్రెయ తిరిగొచ్చేసరికి దిమ్మె కట్టేశారు. సంఘం అధ్యక్షుడైన జీడిపప్పు వ్యాపారి ఢిల్లీరావు ఇంటికి వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు.

"నాను బతికే ఉన్నాను బాబూ. పోనాది మా కరుణమ్మ."

ఢిల్లీరావు అతన్ని కిందా పైనా చూసి, నిజమేనని ఒప్పుకున్నాడు. ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి.

"అయితే ఏటి సేత్తాం, మాస్టారూ? తీర్మానం అయిపోనాది. ఇప్పుడు నువ్వు బతికున్నావంటే సంఘం పరువేటవుద్ది? కొన్నాల్లు ఓపిక పట్టు. అన్నీ సర్దుకుంటాయి."

శిల్పి కన్నయ్య ఫొటో అడిగాడు. ఊరేగింపులో బ్యాండు మాస్టరు తనవాళ్ల వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ వాయిస్తాడు. ఎదురొచ్చే కెమెరాకు దొరికేది వీపే. టెక్కలి నుంచి సోంపేట దాకా పెళ్లి ఆల్బములు వెతికించారు. ముప్పై ఏళ్ల పెళ్లిళ్లలో ఒక మోచెయ్యి, భుజం మీది జరీ కుచ్చు, క్లారినెట్ మూతి దొరికాయి. ముఖం దొరకలేదు. పోనీ తనే వచ్చి ఎదురుగా కూర్చుంటానన్నాడు అంద్రెయ. మనిషిని చూసి చేసే అలవాటు తనకు లేదని, ఫొటో ఉంటేనే పోలిక వస్తుందని కన్నయ్య చెప్పాడు. చివరికి ఢిల్లీరావు ఉదారంగా తన తండ్రి ఫొటో ఇచ్చాడు. ఆ విధంగా మాస్టారికి గుబురుమీసం వచ్చింది. చెయ్యి మాత్రం ఎవరో నాయకుడి కోసం ముందే చేసి ఉంచినది. ఆకాశాన్ని చూపించే వేలు తీసేసి క్లారినెట్ తగిలించారు.

ఆవిష్కరణకు వాయించగల మంచి కళాకారుడెవరని ఆలోచిస్తే అంద్రెయ ఒక్కడే తోచాడు. పిలిచారు. అతను ఒకే ఒక్క షరతు పెట్టాడు. సభలో పాటించే రెండు నిమిషాల మౌనం కరుణమ్మకు కావాలి. ఆమె పోయినప్పుడు ఈ ఊళ్లో ఒక్కరూ నోరు మూసుకోలేదు.

"దానికేటి?" అన్నాడు ఢిల్లీరావు. "మౌనానికి పేరుండదు కదా. నీకు నచ్చినోల్లని తలుసుకో."

సభ దివ్యంగా జరిగింది. అంద్రెయ లేని లోటు తీర్చలేనిదని ముఖ్య అతిథి గంటసేపు వివరించాడు. అంద్రెయ వేదిక పక్కన నిలబడి శ్రద్ధగా విన్నాడు. కళాకారుడికి చావు లేదని అతిథి గర్జించినప్పుడు, ఆ ఒక్కమాటలో అతనికి తప్పు కనబడలేదు. ముసుగు తీశారు. ముప్పై ఏళ్లుగా అతన్ని ఎరిగినవాళ్లంతా అచ్చం అతనేనన్నారు.

తర్వాత మౌనం. అంద్రెయ క్లారినెట్ దించి కళ్లు మూసుకున్నాడు. అర నిమిషానికే మైకు గరగరలాడింది. ముఖ్య అతిథి నందిగాంలో ఇంకో విగ్రహం ఆవిష్కరించాల్సి ఉంది.

"ఇంకా నిమిసమున్నర ఉంది బాబూ," అన్నాడు అంద్రెయ.

"మిగతాది ఇంటికాడ సేసుకో, మాస్టారూ," అన్నాడు ఢిల్లీరావు. "ఏదైనా హుషారుది వాయించు. దొరగారు బయల్దేరతన్నారు."

అంద్రెయ వాయించలేదు. క్లారినెట్ పెట్టెలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. విగ్రహం పెట్టగానే మాస్టారికి పొగరెక్కిందని ఊరు బాధపడుతోంది. ఊరు మింగేసిన నిమిషమున్నర మౌనాన్ని అతనొక్కడే పాటిస్తున్నాడు. సభ సంగతి ఎవరు కదిపినా పలకలేదు. ఇక పలకడు.