ముప్పై ఏడో నంబరు చదవడానికి కావలసిన అర్హతలు

పుస్తకం చదవకుండా తప్పించుకోవడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయాలన్నిటిలోకీ గొప్పది ఏదో తెలుసా? నిద్ర కాదు. ఫోను కూడా కాదు. "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని తెలిసినవాళ్లని అడగడం!

అమెరికన్ కామిక్స్ విషయంలో అయితే ఈ ఉపాయానికి తిరుగే లేదు. కొత్త పాఠకుల కోసం పెద్దలు తయారుచేసి పెట్టిన గైడ్లు, చార్టులు, ఏది ముందు ఏది వెనక చదవాలో చెప్పే రీడింగ్ ఆర్డర్లు లేకపోతే ఏమయ్యేది? ఎవరు పడితే వాళ్లు పుస్తకం తెరిచి చదివేసేవాళ్లు! ఆ ఘోరం జరక్కుండా కాపాడుతున్న మహానుభావులకి రెండు చేతులూ ఎత్తి మొక్కాలి. నమ్మకం కుదరకపోతే ఈ అక్క సంగతి వినండి.

అక్క సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. చెల్లెలు వేరే ఊళ్లో ఉండి కామిక్స్‌కి రంగులు వేస్తుంది. బొమ్మలు గీసేవాళ్లు నల్ల గీతలు పంపితే, కంప్యూటర్ మీద వాటికి రంగులద్దడం ఈమె పని. నాలుగేళ్లు పేరూ ఊరూ లేకుండా పనిచేశాక, మొట్టమొదటిసారి లోపల తన పేరు అచ్చయిన పుస్తకాన్ని అక్కకి పంపింది. మొత్తం ఇరవై రెండు పేజీలు. కోటు తొడుక్కుంటే గోడల్లోంచి నడిచిపోగలిగే ఒక పిల్ల కథ. అట్ట మీద మూలన ముప్పై ఏడు అని నంబరు, అంటే ఆ కథ వరసలో ముప్పై ఏడో సంచిక.

"చదివి ఎలా ఉందో చెప్పక్కా. నువ్వు చెబితేనే నాకు నమ్మకం."

"నువ్వు రంగులేసినదాన్ని ఆషామాషీగా చదువుతానా? మొదట్నించీ పద్ధతిగా చదువుతా, చూడు!"

అదీ ప్రేమంటే! ప్రేమ లేనివాళ్లే డైరెక్టుగా ముప్పై ఏడు తెరుస్తారు.

అక్క వెంటనే ఇంటర్నెట్లో 'కొత్త పాఠకులకు స్వాగతం' అనే గ్రూపులో చేరింది. స్వాగతం కింద పంతొమ్మిది నిబంధనలున్నాయి. అన్నీ చదివి, ఒకటో నంబరు ఎక్కడ దొరుకుతుందని వినయంగా అడిగింది.

"ఏ ఒకటి?" అన్నాడు గ్రూపు పెద్ద. అందరూ ఆయన్ని తాతగారు అంటారు. వయసు ముప్పై ఒకటి.

ఒకటో నంబర్లు ఆరున్నాయట. అమ్మకాలు పడిపోయినప్పుడల్లా కంపెనీవాళ్లు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారట. అసలు కోటు పిల్ల మొట్టమొదట కనిపించింది ఆ ఆరింటిలోనూ కాదు. ఇంకెవరిదో పుస్తకం ఎనభై మూడో నంబర్లో, పదిహేడో పేజీలో, కిటికీ అవతల. అది అర్థం కావాలంటే ముందు సున్నా నంబరు చదవాలి. ఆ సున్నా, ఒకటి వచ్చిన పదేళ్లకి వచ్చింది!

మీరైతే ఏం చేసేవాళ్లు? దండం పెట్టి పారిపోయేవాళ్లు. అక్క స్ప్రెడ్‌షీట్ తెరిచింది.

అది ఎంతగా పెరిగిందంటే, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి దాన్ని చూసి, "ప్రమోషన్ పరీక్షకా?" అని అడిగింది. "ఆ, అలాంటిదే" అంది అక్క. బొమ్మల పుస్తకానికి అంటే ఎవరు నమ్ముతారు?

చెల్లెలు ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"చదివావా అక్కా?"

"నీదాకా ఇంకా రాలేదే. ఇంకా పాత వరసలో డెబ్బై నాలుగులో ఉన్నా. కోటు పిల్ల ఇప్పుడే చచ్చిపోయింది."

"మళ్లీ బతుకుతుందిలే. అక్కా, మొదటి పేజీలోనే 'జరిగిన కథ' అని మూడు లైన్లుంటాయి. అవి చదివితే చాలు కదా?"

ఈ మాట అక్క భయం భయంగా తాతగారి చెవిన వేసింది. "అది చుట్టపుచూపుగా వచ్చేవాళ్ల కోసం. మీరు ఉండిపోవడానికి వచ్చారా, కాఫీ తాగి పోవడానికి వచ్చారా?" అని జవాబొచ్చింది. అక్కకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

చూశారా, ఈ చదువు ఎంత వినయం నేర్పుతుందో! వినయమేనా, క్రమశిక్షణ కూడా! కోటు పిల్ల మొత్తం నాలుగుసార్లు చనిపోయింది. మొదటిసారి పోయింది ఆమె కాదు, ఆమె కవల. రెండోది కల. మూడో చావు లెక్కలోకి రాదు, ఎందుకంటే అది రాసిన రచయిత కంపెనీతో గొడవపడి వెళ్లిపోయాడు. నాలుగోది మాత్రం అసలైనది, కాబట్టి అక్కడ ఏడవచ్చు. ఎక్కడ ఏడవాలో ముందే చెప్పే సదుపాయం వేరే పుస్తకాల్లో ఉందా?

మధ్యలో ఒక మహాయుద్ధం. పదకొండు పుస్తకాల్లో అరవై నాలుగు నంబర్లు! ఒకదాంట్లో పన్నెండు పేజీలు చదివి, వేలు అడ్డం పెట్టుకుని, ఇంకోదాంట్లో నాలుగు పేజీలు చదివి, మళ్లీ మొదటిదానికి రావాలి. చార్టు ప్రకారం యుద్ధం అర్థం కావాలంటే ముందు పెళ్లి కథ చదవాలి. పెళ్లి అర్థం కావాలంటే ముందు యుద్ధం చదవాలి. అక్కలోని టెస్టర్ ఊరుకుంటుందా? స్క్రీన్‌షాట్లతో సహా రిపోర్ట్ చేసింది.

"అది తప్పు కాదమ్మా, సంప్రదాయం" అన్నారు తాతగారు.

ఆరో వారంలో ఇంట్లో ఒక దారుణం జరిగింది. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ రోజు చేతిలో పని అయిపోయి, బల్ల మీదున్న ముప్పై ఏడు అందుకుంది. నడిమధ్య పిన్నులున్న చోట అది దానంతటదే తెరుచుకుంటే, అక్కణ్నించే మొదలుపెట్టింది! చివరిదాకా చూసేసి, అప్పుడు తీరిగ్గా మొదటికొచ్చింది!

"అమ్మా! మధ్యలోంచి చూస్తే ఏం తెలుస్తుంది నీకు?"

"తెలియడానికేముంది? ఈ పిల్ల మంచిది. ఈ గడ్డం వాడు దొంగ వెధవ. కోటు భుజం దగ్గర పట్టేసింది, ఎవరు కుట్టారో గానీ." అంటూనే చిన్నకూతురికి ఫోన్ కలిపింది. "ఒసేయ్ చిన్నీ! పిల్ల ఒక్కతే కూర్చుంటే చుట్టూ గోడలకి ఆ బూడిద రంగు వేశావు చూడు, గుండె కలుక్కుమందే. అంతటి దిగుల్లో దాని కోటొక్కటే ఎర్రగా... అది వేసేటప్పుడు అన్నం తిన్నావా అసలు?"

 అవతల ముక్కు చీదిన చప్పుడు.

అక్కకి ఒళ్లు మండింది. కవల సంగతే తెలియని మనిషికి గుండె కలుక్కుమనే హక్కు ఎక్కడిది?

ఎనిమిదో వారం నుంచి చెల్లెలు "చదివావా?" అని అడగడం మానేసింది. ఫోన్ చేస్తే వాన గురించి మాట్లాడేది. అడక్కపోవడం మంచిదే కదా, ఏకాగ్రత చెడదు!

పద్నాలుగో వారం అక్క ముప్పై ఆరు పూర్తిచేసింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ ప్రకటన వెలువడింది. కొత్త పాఠకుల సౌకర్యం కోసం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారట. ముప్పై ఏడుతో సహా ఇంతవరకూ కథలో జరిగినదేదీ జరగలేదట! గ్రూపంతా ఘొల్లుమంది. గంట తర్వాత తాతగారు తేరుకుని తీర్పు చెప్పారు: "ఏది జరగలేదో తెలియాలంటే, ముందు జరిగిందంతా చదివి ఉండాలి."

అక్క చేతులు శుభ్రంగా కడుక్కుని ముప్పై ఏడు తెరిచింది. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. వెంటనే ఫోన్ చేసింది.

"చదివానే!"

"నిజంగానా!" చెల్లెలి గొంతు ఒక్కసారిగా చిన్నపిల్ల గొంతైపోయింది. "ఎలా ఉందక్కా? చెప్పు, చెప్పు."

పద్నాలుగు వారాల కిందటి అక్క అయితే "బాగుందే, భలే వేశావే" అని ఊరుకునేది. ఎంత నేలబారు మాట! గైడ్ల పుణ్యమా అని ఇప్పుడామె పండితురాలు.

"కోటు ఎరుపు వేశావేంటే? పాత వరసలో డెబ్బై తొమ్మిది తర్వాత ముదురు నీలం కదా? ఎరుపు కవలది. అయినా ఇప్పుడు ఇదంతా జరగనట్టే లెక్కలే, పర్లేదు."

 లైను తెగిందేమోనని అక్క ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. తెగలేదు.

"ఫోను అమ్మకివ్వక్కా" అంది చెల్లెలు.

ఇచ్చింది. అమ్మ దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మిషను తొక్కుతూనే మాట్లాడింది. కాసేపటికి మిషను ఆగిపోయింది. ఏదో ఒక పేజీ తలుచుకుని ఇటు ఈవిడా, అటు ఆవిడా పడీ పడీ నవ్వుకుంటున్నారు.

ఏ పేజీకో, అందులో అంత నవ్వేముందో, గుమ్మంలో నిలబడ్డ అక్కకి అంతుపట్టలేదు. కానీ ఆ పేజీలో జరిగింది జరిగినట్టా కాదా అని అడగండి, ఏ సంవత్సరం లెక్క ప్రకారమో కూడా చెబుతుంది!